13 జట్లతో మొదలై 10 మిగిలిన సీజన్: 2022–23 ఇంగ్లిష్ ప్రీమియర్‌షిప్ రగ్బీపై తరచుగా అడిగే ప్రశ్నలు

రగ్బీ చూస్తానని తెలిసిన దగ్గర్నుంచి మావాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. "హెల్మెట్లు పెట్టుకుని ఆడేదేనా?" అని మొదలుపెట్టి "సీజన్ మధ్యలో రెండు జట్లు మాయమయ్యాయట కదా, అదెలా?" దాకా వస్తారు. హెల్మెట్లు ఉండేది అమెరికా ఆటలో, ఇందులో కాదు. రెండో ప్రశ్నకు మాత్రం ఒక్క ముక్కలో జవాబు లేదు. ప్రతిసారీ వాట్సాప్‌లో టైప్ చేసే ఓపిక అయిపోయింది కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ప్రీమియర్‌షిప్ అంటే టీవీలో వచ్చే ప్రీమియర్ లీగేనా?

కాదు, అది ఫుట్‌బాల్. ప్రీమియర్‌షిప్ అంటే ఇంగ్లండ్‌లో రగ్బీ యూనియన్ క్లబ్‌లు ఆడే లీగుల్లో అన్నిటికన్నా పైది. క్లబ్‌లు కొన్ని 150 ఏళ్ల నాటివి, లీగ్ మాత్రం 1987లో మొదలైంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. రగ్బీ యూనియన్‌లో ఆటగాళ్లకు జీతం ఇవ్వడం 1995 దాకా నిషేధం. అప్పటిదాకా టీచర్లు, పోలీసులు, డాక్టర్లు శనివారం వచ్చి ఆడి, సోమవారం ఉద్యోగానికి వెళ్లిపోయేవారు. అంటే ఆట పాతదే కానీ, ఆ ఆటతో నడిచే వ్యాపారం వయసు ముప్పై ఏళ్ల చిల్లరే. కింద చెప్పబోయే గొడవలన్నిటికీ వేళ్లు ఇక్కడే ఉన్నాయని నా అభిప్రాయం.

రగ్బీ లీగ్ అని ఇంకోటి ఉంది. దాంట్లో జట్టుకు 13 మంది, ఉత్తర ఇంగ్లండ్‌లో ఎక్కువ ఆడతారు. ఈ పేజీలో దాని ప్రస్తావన లేదు.

ఆట ఎలా ఆడతారో రెండు నిమిషాల్లో చెప్పగలరా?

జట్టుకు 15 మంది, బెంచీ మీద 8 మంది, 80 నిమిషాల ఆట. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో ఇవ్వాలి. ముందుకు వెళ్లాలంటే పరుగెత్తాలి, లేదా కాలితో తన్నాలి. మన కబడ్డీ చూసినవాళ్లకు మనిషిని పట్టి కింద పడేయడం కొత్తగా అనిపించదు. తేడా ఏమిటంటే ఇక్కడ పడేసినా ఆట ఆగదు, పడ్డవాడు బంతి వదిలేయాలి, మిగతావాళ్లు దాని మీదికి ఎగబడతారు. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు. ఆ తర్వాత స్తంభాల మధ్య నుంచి తన్నగలిగితే ఇంకో 2. పెనాల్టీకి 3, ఆట నడుస్తుండగానే బంతిని నేల మీద ఒక్కసారి పడేసి స్తంభాల మధ్యకు తన్నే డ్రాప్ గోల్‌కు 3.

నేను కొవెంట్రీలో ఎమ్మెస్సీ చేసే రోజుల్లో మొదటి మ్యాచ్ చూశాను. అప్పుడు ఆ స్టేడియం పేరు రికో అరీనా, అక్కడ ఆడే జట్టు వాస్ప్స్. సన్నగా వాన పడుతోంది. పదిహేను నిమిషాలైనా నాకు బంతి ఎటు పోతోందో అర్థం కాలేదు. పక్క సీట్లో నలుపు, పసుపు మఫ్లర్ చుట్టుకున్న పెద్దాయన ఫ్లాస్క్‌లోంచి టీ పోసుకుంటూ "బంతిని వెతక్కు నాయనా, రిఫరీ చెయ్యి ఎటు లేస్తోందో అటు చూడు" అన్నాడు. రిఫరీ చెయ్యి ఏ జట్టు వైపు చూపిస్తే వాళ్లకు లాభం. ఇప్పటికీ కొత్తవాళ్లకు నేను చెప్పేది అదే.

పట్టికలో పాయింట్లు ఎలా ఇస్తారు? 5, 4, 1 అని ఏవేవో కనిపిస్తాయి.

గెలిస్తే 4, డ్రా అయితే చెరో 2. నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ ట్రైలు చేస్తే ఇంకో బోనస్ పాయింట్, ఓడినా సరే వస్తుంది. 7 లేదా అంతకన్నా తక్కువ పాయింట్ల తేడాతో ఓడితే సానుభూతి పాయింట్ లాంటిది ఇంకోటి. అందుకే ఓడిపోయిన జట్టు కూడా చివరి నిమిషంలో ప్రాణం పెట్టి ఆడుతుంది. రెగ్యులర్ సీజన్ అయ్యాక మొదటి నాలుగు జట్లకు సెమీఫైనల్స్, ఆ తర్వాత లండన్ ట్వికెన్‌హామ్‌లో ఫైనల్.

ఇన్ని సీజన్లుండగా 2022–23 గురించే ఎందుకు?

ఆటలో బ్రహ్మాండం జరిగిందని కాదు. ఆ ఏడాది స్కోరుబోర్డుతో సమానంగా బ్యాలెన్స్ షీట్ కూడా చూడాల్సి వచ్చింది కాబట్టి. సెప్టెంబర్‌లో 13 జట్లు, అక్టోబర్ చివరికి 11, మరుసటి జూన్‌లో 10. ఆ మూడింటిలో ఏ జట్టూ మైదానంలో ఓడి దిగిపోలేదు. జీతాలు, పన్నులు, అప్పులు కట్టలేక పోయాయి.

సీజన్ ఆరంభమే అదోలా జరిగింది. 2022 సెప్టెంబర్ 8న రాణి ఎలిజబెత్ చనిపోయారు. మర్నాడు శుక్రవారం జరగాల్సిన మొదటి మ్యాచ్‌లను శని, ఆదివారాలకు జరిపారు.

13 బేసి సంఖ్య కదా, లీగ్ ఎలా నడుపుతారు?

వారానికో జట్టు ఖాళీగా కూర్చుంటుంది, అంతే. ఒక ఏడాది కింది లీగ్‌లో ఆడిన సారసెన్స్ అనే క్లబ్ తిరిగి రావడం, కోవిడ్ తర్వాత కింది లీగ్‌కు దించడం ఆపేయడం వల్ల 12 కాస్తా 13 అయింది. వినడానికి చిన్న విషయమే. కానీ అప్పుడు ఒక్కో క్లబ్‌కు ఏడాదికి సొంత ఊళ్లో 12 లీగ్ మ్యాచ్‌లే ఉండేవి. టికెట్లు, బీరు, పార్కింగ్, జెర్సీలు అన్నిటి సంపాదనా ఆ రోజుల మీదే. రెండు జట్లు పోయేసరికి అది 10కి పడింది. పోయినవాళ్ల కష్టం సరే, ఉన్నవాళ్ల గల్లాపెట్టె కూడా తేలికైంది.

వూస్టర్ వారియర్స్‌కు ఏమైంది?

ముందుగా ఉచ్చారణ: ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి వార్సెస్టర్ అనకండి, ఊరి పేరు వూస్టర్. బ్రిటన్‌లో ఉండే తెలుగువాళ్లకు ఆ పేరు కిచెన్ గోడ మీద రోజూ కనిపిస్తూనే ఉంటుంది, వూస్టర్ బాష్ బాయిలర్ రూపంలో. ఆ బాయిలర్ల కంపెనీ పెట్టిన సెసిల్ డక్‌వర్త్ అనే స్థానిక వ్యాపారే తన డబ్బు పోసి ఈ క్లబ్‌ను కింది లీగుల నుంచి 2004లో పై లీగ్‌కు చేర్చాడు. ఆయన 2020లో కన్నుమూశాడు. క్లబ్ అప్పటికే వేరే యజమానుల చేతిలోకి వెళ్లింది.

2022 ఆగస్టులో బ్రిటన్ పన్నుల శాఖ కోర్టుకెక్కింది. బకాయి 60 లక్షల పౌండ్లకు పైనే. అప్పటి రేటున పౌండుకు 90 రూపాయల అటూ ఇటూ వేసుకుంటే 54 కోట్లు. ఇక అక్కడి నుంచి రోజుకో పుకారు, వారానికో గడువు. సెప్టెంబర్ 24న సొంత మైదానం సిక్స్‌వేస్‌లో న్యూకాజిల్‌ను 39–5తో చిత్తు చేశారు. రెండు రోజులకు, 26వ తేదీ సాయంత్రం 5 గంటలకు, రగ్బీ సంఘం ఆర్‌ఎఫ్‌యూ పెట్టిన గడువు ముగిసింది. ఇన్సూరెన్స్ ఉన్నట్టు, జీతాలకు డబ్బున్నట్టు, ముందుకు నడిపే ప్లాన్ ఉన్నట్టు క్లబ్ చూపలేకపోయింది. సస్పెండ్ చేశారు. అక్టోబర్ 5న హైకోర్టు ఆటగాళ్ల కాంట్రాక్టులున్న కంపెనీని మూసేయమంది, దాంతో కాంట్రాక్టులన్నీ ఆ పూటే రద్దు.

39–5తో గెలిచిన జట్టు వారం తిరక్కుండా ఇంటికి పోవడం మనకు వింతగా ఉంటుంది. అదే ఏడాది మే నెలలో ఈ జట్టు, లీగ్‌తో పాటు విడిగా జరిగే ప్రీమియర్‌షిప్ కప్ కూడా గెలిచింది. ఫైనల్లో అదనపు సమయం తర్వాత కూడా స్కోరు 25–25, నిబంధనల ప్రకారం కప్పు వూస్టర్‌కు ఇచ్చారు. అవతలి జట్టు ఎవరో తెలుసా? లండన్ ఐరిష్. పదమూడు నెలల్లో ఆ ఫైనల్ ఆడిన రెండు క్లబ్‌లూ లీగ్‌లో లేవు.

వాస్ప్స్ పెద్ద పేరున్న క్లబ్ కదా, అది ఎలా పడిపోయింది?

పేరుకేం తక్కువ లేదు. 1867లో పుట్టిన క్లబ్. ఆరుసార్లు ఇంగ్లండ్ ఛాంపియన్, రెండుసార్లు యూరప్ ఛాంపియన్. పుట్టింది లండన్‌లో, తర్వాత అద్దె ఇళ్లు మారినట్టు మైదానాలు మారుతూ హై వికమ్‌లో చాలాకాలం ఆడింది. 2014లో ఏకంగా కొవెంట్రీకి మకాం మార్చి అక్కడి స్టేడియాన్ని కొనేసింది. ఆ కొనుగోలు భారం మోయడానికి 2015లో బాండ్లు అమ్మింది. 3 కోట్ల 50 లక్షల పౌండ్లు, 6.5 శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు. కొన్నవాళ్లలో పెద్ద ఫండ్లే కాదు, అభిమానులూ ఉన్నారు. జట్టు మీద ప్రేమ, బ్యాంకు కన్నా మంచి వడ్డీ, ఇంకేం కావాలి అనుకున్నారు. మన ఊళ్లలో బాగా తెలిసినవాడు నడిపే చిట్టీలో డబ్బు కట్టినంత నమ్మకం.

2022 మేలో అసలు తిరిగి కట్టాల్సిన రోజు వచ్చింది. కట్టలేకపోయారు. దానికి తోడు పన్ను బకాయి. అక్టోబర్ 15న ఎక్సెటర్‌తో ఆడాల్సిన మ్యాచ్‌కు జట్టే వెళ్లలేదు. 17న అడ్మినిస్ట్రేషన్, అంటే దివాలా నిర్వాహకుల చేతికి కంపెనీ తాళాలు. అదే రోజు 167 మందికి ఉద్యోగాలు పోయాయి, ఆటగాళ్లు, కోచ్‌లు, ఆఫీసు సిబ్బంది అంతా కలిపి. ఫ్లాస్క్ పెద్దాయన బాండ్ కొన్నాడో లేదో నాకు తెలియదు. కొనే మనిషి లాగానే ఉండేవాడు.

మధ్యలో పోయిన జట్లతో అప్పటికే ఆడిన మ్యాచ్‌ల సంగతేంటి?

అన్నీ రద్దు. వూస్టర్, వాస్ప్స్‌తో ఆడిన ప్రతి మ్యాచ్ ఫలితాన్నీ పట్టికలోంచి చెరిపేశారు. గెలిచినవాడి పాయింట్లూ పోయాయి, ఓడినవాడి నష్టమూ పోయింది. పైన చెప్పిన 39–5 కూడా అధికారిక పట్టికలో లేదు. ఇంతకన్నా న్యాయమైన పద్ధతి కనిపించదు గానీ, బోనస్ పాయింటుతో గెలిచిన జట్టుకు కడుపు మండకుండా ఉంటుందా?

ఉద్యోగాలు పోయిన ఆటగాళ్లు ఎటు వెళ్లారు?

పేరున్నవాళ్లకు చోటు దొరికింది. సీజన్ మొదలైపోయింది కాబట్టి మిగతా క్లబ్‌ల దగ్గర ఖర్చు పెట్టడానికి పెద్దగా డబ్బు లేదు, అందుకే చాలామంది తక్కువకే ఒప్పుకోవాల్సి వచ్చింది. యువకులు కింది లీగులకు వెళ్లారు, కొందరు ఆటే మానేశారు. వాళ్ల గురించి ఎవరూ హెడ్‌లైన్లు రాయలేదు.

అందరికన్నా లాభపడింది బాత్ అనే క్లబ్. వూస్టర్ నుంచి ఓలీ లారెన్స్, టెడ్ హిల్, వాస్ప్స్ నుంచి ఆల్ఫీ బార్బియరీ అక్కడికి చేరారు. లారెన్స్ అయితే కొద్ది నెలల్లోనే ఇంగ్లండ్ తరఫున సిక్స్ నేషన్స్ అనే ఆరు దేశాల టోర్నీ ఆడాడు. వాస్ప్స్ ఆటగాడు జాక్ విల్లిస్ ఫ్రాన్స్ వెళ్లి తూలూజ్‌లో చేరి, ఆ సీజన్‌లోనే ఫ్రెంచ్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ఉద్యోగం ఊడిన ఎనిమిది నెలలకే పతకం. వూస్టర్ వింగర్ డుహాన్ వాన్ డెర్ మెర్వే తన పాత క్లబ్ ఎడిన్‌బరాకు తిరిగి వెళ్లాడు. అతని గురించి చివర్లో చెబుతాను.

రగ్బీకి అంత క్రేజ్ ఉంటే డబ్బు ఎందుకు లేదు?

క్రేజ్ దేశం జట్టుకు. ఇంగ్లండ్ ఆడితే ట్వికెన్‌హామ్‌లో 82 వేల మంది. అదే గ్లాస్టర్ క్లబ్ కింగ్స్‌హోమ్ మైదానంలో పట్టేది 16 వేల మంది. కింగ్స్‌హోమ్ వాతావరణానికి వంక పెట్టలేం. అక్కడ షెడ్ అనే రేకుల కప్పు కింద నిలబడి అరిచే జనం పక్కన ఉంటే చెవులు గింగుర్లెత్తుతాయి. కానీ 16 వేల టికెట్లతో ఏడాదికి పది పన్నెండు రోజులు వ్యాపారం చేసి, మిగతా రోజులన్నీ నలభై యాభై మంది ఆటగాళ్లను, ఫిజియోలను, కోచ్‌లను పోషించాలి. ఇంత దెబ్బలు తగిలే ఆటలో 23 మందితో సీజన్ గడవదు మరి.

ఇన్నాళ్లూ ఆ లోటును పూడ్చింది యజమానులు. ఆటంటే పిచ్చి ఉన్న ధనవంతుడు ఏటా తన జేబులోంచి పోస్తాడు, ఆయనకు విసుగొచ్చినా, వయసు మీద పడినా కథ ముగుస్తుంది. 2018లో లీగ్ తన వాణిజ్య వ్యాపారంలో 27 శాతం వాటాను సీవీసీ అనే పెట్టుబడి సంస్థకు 20 కోట్ల పౌండ్లకు పైగా మొత్తానికి అమ్మింది. ఆ సొమ్ము క్లబ్‌లకు ఒక్కసారిగా అందింది. భవిష్యత్తులో వచ్చే ఆదాయంలో నాలుగో వంతుకు పైగా చేజారింది. పొలంలో కొంత అమ్మి పెళ్లి చేసినట్టు. ఆపైన కోవిడ్ వచ్చి స్టాండ్లు ఖాళీ అయ్యాయి. ప్రభుత్వం ఆదుకుంది, కానీ అందులో ఎక్కువ భాగం అప్పుగానే ఇచ్చింది.

శాలరీ క్యాప్ ఉందిగా? ఖర్చుకు హద్దు ఉంటే దివాలా ఎలా?

ఉంది. ఆ సీజన్లో ఆటగాళ్ల జీతాలకు మూల పరిమితి జట్టుకు 50 లక్షల పౌండ్లు, కోవిడ్ దెబ్బకు 64 లక్షల నుంచి తగ్గించింది. రూపాయల్లో 45 కోట్లు. దీని మీద సొంత అకాడమీ ఆటగాళ్లకు కొంత వెసులుబాటు, ఒక స్టార్ ఆటగాడి జీతానికి మినహాయింపు ఉంటాయి. పోలిక కావాలంటే, 2023 ఐపీఎల్‌కు ఒక్కో జట్టు పర్సు 95 కోట్ల రూపాయలు. అదీ రెండు నెలల ఆటకు. ఇక్కడ అందులో సగంతో తొమ్మిది నెలలు.

కానీ క్యాప్ అనేది ఎక్కువ ఖర్చు పెట్టేవాడిని ఆపుతుందే గానీ, ఆ మాత్రం కూడా సంపాదించలేనివాడిని ఏం చేస్తుంది? క్యాప్ లోపలే ఉండి మునిగిపోవచ్చు.

సారసెన్స్ మోసం చేసిన జట్టు అంటారు, నిజమేనా?

నియమం ఉల్లంఘించిన జట్టు, అందులో అనుమానం లేదు. క్యాప్‌ను తప్పించుకునేలా ఆటగాళ్లతో యజమాని ఉమ్మడి పెట్టుబడులు పెట్టాడని 2019లో తేలింది. 53.6 లక్షల పౌండ్ల జరిమానా, 35 పాయింట్ల కోత. తర్వాత ఆ సీజన్లో కూడా పరిమితి లోపలికి రాలేమని తేలడంతో ఇంకో 70 పాయింట్లు కోసి, 2020లో కింది లీగ్‌కు దించేశారు. ఒక ఏడాది కింద ఆడి, గెలిచి, 2021–22లో తిరిగొచ్చారు. వచ్చీరాగానే ఫైనల్ చేరారు. లెస్టర్ ఆటగాడు ఫ్రెడ్డీ బర్న్స్ చివరి క్షణాల్లో కొట్టిన డ్రాప్ గోల్‌తో 15–12 తేడాతో ఓడారు.

కాబట్టి 2022–23లో వాళ్లు కసి మీద ఉన్నారు. మిగతా క్లబ్‌ల అభిమానులు వాళ్లను చూసి ఇప్పటికీ మూతి తిప్పుతారు. నాకు మాత్రం ఒక విషయం తమాషాగా అనిపిస్తుంది. ఎక్కువ ఖర్చు పెట్టినందుకు శిక్ష పడిన క్లబ్ తిరిగొచ్చి ఛాంపియన్ అయిన ఏడాదే, ఖర్చుకు డబ్బుల్లేని క్లబ్‌లు మూతపడ్డాయి.

ఫారెల్ నిషేధం గొడవేంటి?

ఓవెన్ ఫారెల్ అప్పట్లో సారసెన్స్, ఇంగ్లండ్ కెప్టెన్. 2023 జనవరిలో గ్లాస్టర్ మీద ఆడుతూ జాక్ క్లెమెంట్ అనే ఆటగాడికి భుజంతో తల దగ్గర తగిలించాడు. రిఫరీ కంట పడలేదు. పైగా ఆ మ్యాచ్ చివర్లో డ్రాప్ గోల్ కొట్టి 19–16తో గెలిపించింది కూడా ఫారెలే. కింగ్స్‌హోమ్ జనం ఎలా ఉడికిపోయి ఉంటారో ఊహించుకోండి. తర్వాత వీడియో చూసి 4 మ్యాచ్‌ల నిషేధం వేశారు. టాకిల్ స్కూల్ అని ఒకటుంది, సరిగ్గా ఎలా పట్టాలో కోచింగ్ తీసుకుంటే ఒక మ్యాచ్ తగ్గిస్తారు. ఫారెల్ ఆ క్లాసుకు వెళ్లి, స్కాట్లాండ్‌తో మ్యాచ్ టైముకు మళ్లీ ఆడటానికి వచ్చేశాడు. తల దెబ్బల విషయంలో ఆట ఇంత జాగ్రత్త పడటం మంచిదే. దేశానికి కెప్టెన్ అయినవాడు బడి పిల్లాడిలా క్లాసుకు వెళ్లి శిక్ష తగ్గించుకోవడం మాత్రం చూడ్డానికి కాస్త నవ్వులాటగానే ఉంది.

లీగ్ దశ ముగిశాక ఎవరెక్కడ ఉన్నారు?

సారసెన్స్, సేల్, లెస్టర్, నార్తాంప్టన్ మొదటి నాలుగు. ఐదు లండన్ ఐరిష్, తర్వాత హార్లెక్విన్స్, ఎక్సెటర్, బాత్, బ్రిస్టల్, గ్లాస్టర్, అట్టడుగున న్యూకాజిల్. మొదటి 8 జట్లు మరుసటి ఏడాది యూరప్ ఛాంపియన్స్ కప్ ఆడతాయి. బాత్ ఆఖరి రోజున సారసెన్స్ మీద 61 పాయింట్లు చేసి ఆ ఎనిమిదో బెర్త్ పట్టేసింది. అప్పటికే సెమీస్ ఖాయమైన సారసెన్స్ సీనియర్లకు విశ్రాంతి ఇచ్చిందన్నది వేరే సంగతి.

లెస్టర్ గురించి ఒక మాట. డిసెంబర్‌లో ఇంగ్లండ్ కోచ్ ఎడ్డీ జోన్స్‌ను తీసేసి, లెస్టర్ కోచ్ స్టీవ్ బోర్త్‌విక్‌ను అక్కడికి పట్టుకుపోయారు. ఛాంపియన్ జట్టు కోచ్‌ను సీజన్ మధ్యలో లాగేసుకుంటే, అప్పటిదాకా ఆటగాడిగా ఉన్న రిచర్డ్ విగిల్స్‌వర్త్ బూట్లు విప్పేసి తాత్కాలిక కోచ్ అయ్యాడు. అలాంటి ఏడాదిలో మూడో స్థానమంటే మాటలు కాదు.

ఫైనల్లో ఏం జరిగింది?

2023 మే 27, ట్వికెన్‌హామ్, 61,875 మంది ప్రేక్షకులు. సారసెన్స్ 35, సేల్ 25. సేల్‌కు 2006 తర్వాత మొదటి ఫైనల్. దాని కోచ్ అలెక్స్ శాండర్సన్ అంతకుముందు సారసెన్స్‌లో కోచ్‌గా పనిచేసినవాడే. 10 నంబరు జెర్సీల్లో అటు ఫారెల్, ఇటు జార్జ్ ఫోర్డ్, చిన్నప్పటి స్నేహితులు. ఫోర్డ్ ఏడాది క్రితం ఇదే మైదానంలో, ఇదే సారసెన్స్ మీద, లెస్టర్ తరఫున ఫైనల్ ఆడుతూ మడమ నరం తెగి కుంటుకుంటూ బయటికి వెళ్లాడు. అతని బదులు దిగిన బర్న్సే ఆ డ్రాప్ గోల్ కొట్టింది.

మొదటి సగంలో ఇద్దరు నిరసనకారులు మైదానంలోకి దూకి నారింజ రంగు పొడి చల్లారు. చమురు తవ్వకాలు ఆపాలని వాళ్ల డిమాండ్. వాళ్లను ఈడ్చుకెళ్లాక ఆట మళ్లీ సాగింది. సేల్ ఎవరూ ఊహించనంత గట్టిగా నిలబడింది, రెండో సగంలో ముందంజలోకి కూడా వెళ్లింది. చివరి ఇరవై నిమిషాల్లో మాత్రం సారసెన్స్ అనుభవం పనిచేసింది. ఎలియట్ డేలీ మూల నుంచి చేసిన ట్రైతో సేల్ ఆశలు ఆవిరయ్యాయి. సారసెన్స్‌కు ఇది ఆరో టైటిల్.

మరి లండన్ ఐరిష్ ఎప్పుడు పోయింది?

ఫైనల్ అయిన పది రోజులకే. 1898లో లండన్‌లోని ఐరిష్ వాళ్లు పెట్టుకున్న క్లబ్ ఇది. బ్రెంట్‌ఫర్డ్ ఫుట్‌బాల్ స్టేడియంలో ఆడేది. ఆ ఏడాది చక్కగా ఆడింది, కుర్రాళ్ల జట్టు, ఐదో స్థానం. అప్పు మాత్రం 3 కోట్ల పౌండ్ల దరిదాపు. అమెరికా పెట్టుబడిదారులు కొంటారని నెలల తరబడి ఊరించారు, డబ్బు రాలేదు. గడువు ఒకసారి పొడిగించి, జూన్ 6న ఆర్‌ఎఫ్‌యూ సస్పెండ్ చేసింది. హెన్రీ అరండెల్ పారిస్ వెళ్లి రేసింగ్ 92లో చేరాడు, టామ్ పియర్సన్ నార్తాంప్టన్‌కు, చాండ్లర్ కన్నింగ్‌హామ్-సౌత్ హార్లెక్విన్స్‌కు. లండన్ ఐరిష్‌కు రావాల్సిన ఛాంపియన్స్ కప్ బెర్త్ తొమ్మిదో స్థానంలో ఉన్న బ్రిస్టల్‌కు దక్కింది.

ఆఖరున ఉన్న న్యూకాజిల్‌ను కింది లీగ్‌కు దించలేదా?

లేదు. అప్పట్లో దించడాలు ఆపేశారు. కింది లీగ్ గెలిచిన జెర్సీ రెడ్స్ అనే క్లబ్ కొద్ది నెలలకే, 2023 సెప్టెంబర్‌లో, అదీ డబ్బుల్లేక మూతపడింది. న్యూకాజిల్ మరుసటి సీజన్లో ఆడిన 18 మ్యాచ్‌లూ ఓడింది, అయినా లీగ్‌లోనే ఉంది. 2025లో రెడ్ బుల్ కంపెనీ దాన్ని కొనేసి పేరు కూడా మార్చింది.

పోయిన క్లబ్‌లు తిరిగొచ్చాయా?

వూస్టర్ వచ్చింది, 2025–26 సీజన్ నుంచి రెండో అంచెలో, మళ్లీ సిక్స్‌వేస్‌లోనే. వాస్ప్స్, లండన్ ఐరిష్ ఆ దారిన ఇంకా రాలేదు. కొవెంట్రీ స్టేడియం వేరేవాళ్ల చేతికి పోయింది. బాత్ మాత్రం 2025లో ఛాంపియన్ అయింది, 1996 తర్వాత మొదటిసారి. ఆ జట్టులో టెడ్ హిల్ ఉన్నాడు.

మన దగ్గర రగ్బీ ఉందా?

ఉంది, చిన్నగా. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది, అందులో హైదరాబాద్ హీరోస్ అనే జట్టుంది. శ్రీకాకుళం జిల్లా మూలాలున్న జీఎంఆర్ గ్రూపు ఈ లీగ్ వెనుక ఉంది. కానీ అది ఏడుగురి ఆట, ఒక మ్యాచ్ అరగంటలోపే అయిపోతుంది. 15 మంది ఆట రుచి వేరు.

ఇదంతా చదివే టైమ్ లేదు, ఒక్క వీడియో చెప్పండి.

2023 ఫిబ్రవరి 4, ట్వికెన్‌హామ్, ఇంగ్లండ్–స్కాట్లాండ్. ఇది క్లబ్ మ్యాచ్ కాదు, కానీ ఆ సీజన్ అంతా ఇందులోనే ఉంది. టాకిల్ స్కూల్ నుంచి వచ్చిన ఫారెల్ ఇంగ్లండ్ కెప్టెన్. లెస్టర్ నుంచి తెచ్చుకున్న బోర్త్‌విక్‌కు కోచ్‌గా మొదటి మ్యాచ్. వూస్టర్ మూతపడి రోడ్డున పడ్డ డుహాన్ వాన్ డెర్ మెర్వే స్కాట్లాండ్ తరఫున ఆడుతున్నాడు. మొదటి సగంలో అతనికి తమ వైపు మైదానంలోనే బంతి దొరుకుతుంది. ఎదురుగా తెల్ల జెర్సీల గోడ. ఒకణ్ని భుజంతో తోశాడు, ఒకణ్ని పక్కకు తప్పించాడు, ఇంకొకడు చొక్కా పట్టుకోబోయి గాలి పట్టుకున్నాడు. గీత దాటేదాకా ఆగలేదు. స్కాట్లాండ్ 29–23తో గెలిచింది.

వాళ్లు ఆ రోజు గెలిచినదాన్ని కలకత్తా కప్ అంటారు. 1870ల్లో కలకత్తాలో తెల్లవాళ్లు పెట్టుకున్న రగ్బీ క్లబ్ సభ్యులు తగ్గిపోయి, ఆ ఎండల్లో టెన్నిస్, పోలోలే నయమనుకుని మూతపడింది. బ్యాంకులో మిగిలిన డబ్బును వెండి రూపాయలుగా తీసుకుని, 270 రూపాయలు కరిగించి, కప్పు చేయించి ఇంగ్లండ్ రగ్బీ సంఘానికి ఇచ్చారు. వీడియో చివర్లో కెప్టెన్ దాన్ని ఎత్తినప్పుడు ఒక్క క్షణం ఆపి చూడండి: పిడులు మూడూ పడగ విప్పిన నాగుపాములు, మూత మీద ఏనుగు.